అంచు లేని డాలు

ముంగో లైల్‌ను ఆర్డ్‌లోక్ రేవులో పట్టపగలే చంపేశారు. మెల్‌బోర్న్ నుంచి వచ్చిన పెట్టెలు దింపుతుంటే అతను కూలీ వేషంలో నిలబడి చూస్తున్నాడు. ఒక పెట్టె మూత ఊడి, లోపలి డాలు కనిపించింది. ముంగో పక్కకు తప్పుకుని, కోటు గుండీలో దాచిన ట్రాన్స్‌మిటర్‌లో "డాలు చూడండి" అన్నాడు. ఇంకో మాట అనేలోపు వెనక నుంచి తల మీద దెబ్బ పడింది. కాలుజారి పడ్డాడని పోలీసులు రాసుకున్నారు.

ఎడిన్‌బరోలో ఒక గుండీల కొట్టు వెనక గదిలో ఏజెంట్ లాక్లాన్ గ్రీర్ ఆ రికార్డింగ్ విన్నాడు. ముంగో అతనికి తమ్ముడిలాంటివాడు. వినడం అయ్యాక టేపు ఆపడం కూడా అతని వల్ల కాలేదు. సెక్షన్ అధికారిణి మిసెస్ ఒగిల్వీయే ఆపి, విషయం చెప్పింది.

మెక్‌టార్విష్ వంశానికి పెద్ద సర్ హెక్టర్. కంటిచూపు దాదాపు పోయింది. ఒక్కగానొక్క కొడుకు నౌకాదళంలో పోయాడు. ఎలా పోయాడో ప్రభుత్వం చెప్పలేదు కాబట్టి ప్రభుత్వమంటే ఆయనకు ఒళ్ళుమంట. ఆ దుఃఖంలో ఉండగా మెల్‌బోర్న్ నుంచి కీత్ మెక్‌టార్విష్ అనేవాడు దిగాడు. సర్ హెక్టర్ తాతగారి తమ్ముడు ఆ కాలంలోనే ఆస్ట్రేలియా వెళ్ళాడనీ, తను ఆయన మునిమనవడిననీ చెప్పాడు. సాక్ష్యంగా ఆ పూర్వీకుడి చిహ్నం చెక్కిన ఓక్ చెక్క డాలు తెప్పించాడు. శనివారం వంశం వాళ్ళందరి ముందూ కోట అతని పేర సంతకమైపోతుంది.

"వాడు విదేశీ ముఠా మనిషి," అంది ఒగిల్వీ. "ఆ కోట కిటికీ కింద నుంచే మన సబ్‌మెరైన్లు సముద్రంలోకి వెళ్ళేది. కాగితాలన్నీ పక్కాగా ఉన్నాయి. మనం అరెస్టు చేస్తే ముసలాయన కావాలని ఆ క్షణమే సంతకం పెట్టేస్తాడు. కాదనేది ఆయన నోటితోనే అనిపించాలి."

"ఫినెలా రాయ్ కూడా అక్కడే ఉందా?"

ఉందనీ, కీత్‌ను పెళ్ళాడబోతోందనీ ఒగిల్వీ చెప్పింది. ఎర్రజుట్టు, చెవులకు పచ్చలు, ఎక్కడ నిలబడినా అందరి కళ్ళూ తనమీదే. రెండేళ్ళ క్రితం వరకు తమ ఏజెంటే, తర్వాత అవతలి పక్షానికి దూకేసింది. ముంగో ఒక్కడే ఆమెను చివరిదాకా నమ్మాడు. అతని గుట్టు చెప్పేసింది ఆమేనన్నదాంట్లో లాక్లాన్‌కు రవ్వంత సందేహం లేదు. ఇద్దరినీ వదలనన్నాడు. కనీసం ఒకరినైనా ప్రాణాలతో తెమ్మంది ఒగిల్వీ.

శనివారం పొద్దున కోట ముందు మైదానంలో లాక్లాన్ గడ్డం అతికించుకుని కొట్టు పెట్టాడు. గళ్ళ కిల్ట్ లంగా ముందు వేలాడే తోలుసంచిలో రేడియో ఉంది. కొట్టు మీద "మీ ఇంటిపేరు చెప్పండి, మీ వంశపు డాలు పట్టుకెళ్ళండి" అని బోర్డు. కెనడా నుంచీ, న్యూజిలాండ్ నుంచీ వచ్చిన మెక్‌టార్విష్‌లు ఎగబడి కొంటున్నారు. నీలం రంగు మీద వెండి ఓడ. ఇంత పచ్చి అబద్ధం అమ్మడం లాక్లాన్‌కు ఒళ్ళు మండిపోయే పని. ఈ దేశంలో ఇంటిపేరుకు డాలు ఉండదు. డాలు ఒక్క మనిషిది, ఆయన తర్వాత పెద్దకొడుకుది. తమ్ముళ్ళు అదే బొమ్మ పెట్టుకోవాలంటే చుట్టూ వేరే రంగు అంచు కట్టించుకోవాలి. మిగతావాళ్ళు పెద్దాయన చిహ్నాన్ని బెల్టు బొమ్మ మధ్యలో పెట్టి టోపీకి తగిలించుకుంటారు, నేను ఆయన మనిషిని అని చెప్పడానికి. ఇది ఇక్కడి చిన్నపిల్లలకు కూడా తెలుసు, అయినా కొట్లవాళ్ళకు సిగ్గులేదు.

మధ్యాహ్నం ఫినెలా కొట్టు దగ్గరకు వచ్చింది. వెనకాలే కీత్ మనుషులిద్దరు.

"మీరు ఓట్స్ జావలో ఉప్పు వేసుకుంటారా, పంచదారా?" అంది నవ్వుతూ.

లాక్లాన్ ఆ మాట గుర్తుపట్టాడు. అది ముంగో కోడ్. "ఉప్పే. పంచదార వేసుకునేవాడికి ఈ ఊళ్ళో నీళ్ళు కూడా పుట్టవు," అన్నాడు పళ్ళు కొరుకుతూ.

ఆమె ఒక డాలు తీసి అటూ ఇటూ తిప్పింది. "బాగా చేశారు. కాబోయే మావారి డాలుకు రంగులు మళ్ళీ నేనే వేశాను. ఇలాగే ఉంటుంది, అచ్చు ఇలాగే." డాలు అతని చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

లాక్లాన్ ఆమె వీపు వైపు కసిగా చూశాడు. వేదిక మీద బ్యాగ్‌పైపుల వాయిద్యం ఆగింది, కీత్ డాలును అందరికీ కనిపించేలా నిలబెట్టారు. అతను దాన్ని చూశాడు, చేతిలోదాన్ని చూశాడు. అచ్చు ఇలాగే. కొట్టులో అమ్మే డాలు వంశపెద్దది. మరి ఆస్ట్రేలియా వెళ్ళిన తమ్ముడి డాలు కూడా అలాగే ఎందుకుంది?

కొట్టు బల్ల దూకి పరిగెత్తాడు. సర్ హెక్టర్ చేతిలో కలం ఉంది, ఎక్కడ పెట్టాలో కీత్ ఆయన వేలు పట్టుకుని చూపిస్తున్నాడు. లాక్లాన్ ఓక్ డాలు లాగి ఆయన ఒళ్ళో పడేశాడు.

"దొరగారూ, సంతకం పెట్టే ముందు ఒక్కసారి తడిమి చూడండి."

కీత్ మనుషులు అతన్ని పట్టుకున్నారు. ముసలాయన చిరాగ్గానే చెక్కడం మీద వేళ్ళు పోనిచ్చాడు. ఓడ, తెరచాప, తెడ్లు. వేళ్ళు చివరిదాకా వెళ్ళాయి, చుట్టూ తిరిగి మళ్ళీ మొదటికి వచ్చాయి.

"అంచేదిరా అబ్బాయ్?"

"అంచేమిటి పెదనాన్నగారూ?" అన్నాడు కీత్. "మన మెక్‌టార్విష్ డాలు ఇదే కదా. ఇంటిపేరు ఒకటే, డాలూ ఒకటే."

సర్ హెక్టర్ లేచి నిలబడ్డాడు.

"ఇంటిపేరు ఎవడిదైనా కావచ్చు. ఈ డాలు నాది. నేను బతికుండగా మా చిన్నతాత పిల్లలు దీన్ని ముట్టుకోరు, చచ్చినా ముట్టుకోరు. నువ్వెవడివి?"

కలం నేలకేసి కొట్టాడు. కీత్ చెయ్యి తన కిల్ట్ ముందరి తోలుసంచిలోకి వెళ్ళి పిస్తోలుతో బయటికి వచ్చింది. ఫినెలా ఆ మణికట్టు పట్టి విరిచింది, గుండు ఆకాశంలోకి పోయింది. లాక్లాన్ విదిలించుకుని, ఓక్ డాలు ఎత్తి కీత్ మొహం మీద కొట్టాడు. ఒకసారి కొడితే సరిపోయేది. రెండోది ముంగో కోసం. బ్యాగ్‌పైపులు వాయించేవాళ్ళ వేషాల్లో ఉన్న నౌకాదళం వాళ్ళు మిగతావాళ్ళను పట్టుకున్నారు.

మెట్ల దగ్గర లాక్లాన్ ఫినెలాను అడ్డగించాడు.

"అంచు చెక్కించకపోవడం నీ పనే కదా?"

"నేనే. వాళ్ళు నామీద నుంచి చూపు తిప్పలేదు, మీకు కబురు అందించడానికి ఇంకో దారి లేదు. రేవులో పెట్టె మూత వదులు చేసిందీ నేనే."

"నిన్ను నమ్మి చచ్చాడు వాడు."

"నమ్మాడు కాబట్టే ఒక్క చూపులో కనిపెట్టాడు. నువ్వు నమ్మలేదు, ఇంతసేపు పట్టింది." ఆమె కళ్ళనిండా నీళ్ళున్నాయి. లాక్లాన్ ఆమెను క్షమించలేదు, తనను తాను అంతకంటే క్షమించలేదు.

సాయంత్రానికి మైదానం ఖాళీ అయింది. సర్ హెక్టర్ హాల్లో ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. దేశం ఆయనకు రుణపడి ఉందని లాక్లాన్ చెప్పబోయాడు.

"ఆపవయ్యా," అన్నాడు ముసలాయన. "ఇవాళ నా డాలు అందరూ కొనుక్కుని చంకన పెట్టుకుపోయారు. నా కొడుకు పోయినప్పుడు ఈ తలుపు తట్టింది ఆ దొంగవెధవ ఒక్కడే. రోజూ నాతో కూర్చుని అన్నం తిన్నాడు. మీ సర్కారు నుంచి ఎవడొచ్చాడు?"

లాక్లాన్ అతికించుకున్న గడ్డం పీకేసి, ఆయన ఎదురుగా కూర్చుని, రాత్రికి ఏం వండుకుంటారని అడిగాడు.