తొమ్మిదో గూడు

మధ్యాహ్నం మూడింటికి పిట్టలత్త ఎండకు కమిలిన మొహంతో వచ్చి, కొత్త జీపీఎస్‌ని కంప్యూటర్‌కి తగిలించింది. తెర మీద తొమ్మిది చుక్కలు కనిపించాలి. ఒక్కటే కనిపించింది. అదీ సరిగ్గా తొందరమ్మ వాళ్లింటి మీద.

నాన్న చెల్లెలైన ఈ అత్త పని, గడ్డిమైదానంలో నేల మీద గుడ్లు పెట్టే పిట్టల్ని కాపాడడం. గూటి పక్కన జెండా పాతితే కాకులు పసిగట్టేస్తాయి. అందుకే గూడు దగ్గర నిలబడి జీపీఎస్ మీట నొక్కుతుంది. చోటు దాంట్లో నమోదవుతుంది. రేపు పొద్దున్నే గడ్డి కోసే ట్రాక్టర్ వస్తుంది. చుక్కలు పంపిస్తే డ్రైవర్ ఆ గూళ్లను తప్పించి కోస్తాడు.

"నాకే వాడటం రాలేదేమో," అంది అత్త నీరసంగా. "తిరిగిన తిరుగుడంతా దండగ."

పక్కనే ఉన్న తొందరమ్మ తల దించుకుంది. ఆ పదేళ్ల పిల్లకు ఇంట్లోవాళ్లు పెట్టిన పేరది. చెప్పులు వేసుకోకముందే గుమ్మం దాటే రకం మరి.

పొద్దున జీపీఎస్‌ని సిద్ధం చేసే పని అత్త తనకే అప్పగించింది. బ్యాటరీలు వేసి, బయట ఆకాశం కనిపించే చోట కదపకుండా పెట్టమంది. మొదటిసారి ఉపగ్రహాలు దొరకడానికి పావుగంట పట్టొచ్చని కూడా చెప్పింది. ఇంతలో టీవీలో కార్టూన్ మొదలైంది. తొందరమ్మ దాన్ని లోపలికి తెచ్చేసుకుంది. సిగ్నల్ లేదు, ఇంట్లోనే వాడతారా అని అది అడిగితే అవునని నొక్కింది. అది వట్టి సాధన కోసమేనని, ఎక్కడ మీట నొక్కినా ఇక్కడి చోటే నమోదవుతుందని కింద చిన్న అక్షరాలతో ఉంది. అంత ఓపిగ్గా ఎవరు చదువుతారు? సిగ్నల్ గీతలన్నీ టకటకా నిండిపోయాయి. ఉత్తుత్తి గీతలు. అయిపోయిందత్తా అని చేతికిచ్చేసింది.

ఇప్పుడు నోరు మెదపకపోతే ఎవరికీ తెలియదు. కానీ గడ్డిలో గుడ్లున్నాయి. తొందరమ్మ ఏడుస్తూ అంతా చెప్పేసింది. అత్త తిట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించింది. అత్త మళ్లీ చెప్పులు వేసుకుని, "పద," అంది.

పొద్దు గూకేలోగా ఏడు గూళ్లు దొరికాయి.

మర్నాడు ట్రాక్టర్ డ్రైవర్, అన్నీ గుర్తు పెట్టేశారా అని అడిగాడు. అత్త కన్నా ముందే తొందరమ్మ జవాబిచ్చింది.

"రెండు దొరకలేదు మామయ్యా. తప్పు నాదే. నేను వెతుక్కుంటూ ముందు నడుస్తాను, మీరు మెల్లగా రండి."

"సాయంత్రమైపోతుందమ్మా," అన్నాడాయన.

"అయినా నడుస్తాను."

గడ్డిని రెండు చేతులా విడదీసి చూస్తూ, అడుగులో అడుగు వేసింది. అరచేతులు గీసుకుపోయాయి. మధ్యాహ్నానికి ఎనిమిదో గూడు దొరికింది. మచ్చల మచ్చల గుడ్లు నాలుగు. డ్రైవర్ దాని చుట్టూ గడ్డి వదిలేసి కోశాడు.

సాయంత్రానికి కోత అయిపోయింది. ట్రాక్టర్ వెళ్లిపోయింది. ఒక పిట్ట మాత్రం అరుచుకుంటూ ఒకే చోటు చుట్టూ తిరుగుతోంది. తొమ్మిదో గూడు అక్కడే ఉండాలి.

ఇక ఇంటికి పోదామంది అత్త.

"ఇంకాసేపు చూస్తానత్తా," అంది తొందరమ్మ. ఆ పిట్ట తిరుగుతున్న చోట మోకాళ్ల మీద కూర్చుని, కోసి పడేసిన గడ్డిని ఒక్కో పోచా తీసి పక్కన పెట్టసాగింది.