ఉప్పుల డాక్టరు నోటిమాట

"చేతులారా చేసి ఇప్పుడు ఏడుపులా? మీలో ఒక్కరికైనా నిజం చెప్పే నోరు లేదా?"

ఎస్.ఐ. మేడమ్ గొంతుకి స్టేషన్ గది అదిరింది.

ఎదురుగా ముగ్గురు. ఆస్పత్రిలో ఉన్న అమ్మాయి తల్లి. అమ్మాయి భర్త. మూడోవాడు వీధి చివర క్లినిక్ నడిపే ఉప్పుల డాక్టరు. ఒంట్లో ఖనిజ లవణాలు తగ్గడమే రోగమంటాడు. అవి కలిపిన తెల్ల మాత్రలిస్తాడు. అందుకే ఆ పేరు. అమ్మాయి అతని మందు కూడా వాడిందని తెలిసి ఎస్.ఐ. పిలిపించింది.

ఉదయం ఆరున్నరకి అమ్మాయికి ఫిట్స్ వచ్చాయి. మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉన్నాయి. ఫిట్స్ జబ్బుకి ఆమె రోజూ వేసుకునే మాత్రలు భర్తే ఎక్కువగా మింగించాడని తల్లి కంప్లయింట్. ఆ మందు డోసు మించినా ఫిట్స్ వస్తాయట. మళ్ళీ ఇవ్వాలో వద్దో ఆస్పత్రిలో తేల్చుకోలేకున్నారు. బ్లడ్ రిపోర్టు రేపు గానీ రాదు.

భర్త చెంప మీద ఎస్.ఐ. వేళ్ళ గుర్తులు. ఆమె అటు చూడటం లేదు.

"ఎన్ని వేశావు?"

"ఒక్కటే మేడమ్. రోజూ నా చేత్తోనే వేస్తా. ఇదివరకు మొహం చిట్లించేది. ఈమధ్య పేచీ పెట్టట్లేదు."

"నంగనాచి కబుర్లు!" తల్లి లేచింది.

"కూర్చో అమ్మా."

ఎస్.ఐ. టేబుల్ మీద ఫిట్స్ మాత్రల సీసా ఉంది. మూత చుట్టూ చీమలు. పొద్దున వాళ్ళ కిటికీలోంచి తీసుకున్నప్పుడూ ఉన్నాయి. దులిపేసి కవర్లో వేసుకుంది. బుద్ధి గడ్డి తింది.

"డాక్టరు గారూ, మీ మాత్రలు దేంతో చేస్తారు?"

"పాల చక్కెరలో లవణం కలిపి..."

"మరి ఫిట్స్ మందు?"

"అదా? ఒట్టి చేదు విషం!"

"ఆ చేదు విషానికి చీమలెందుకు పట్టాయి?"

ఎస్.ఐ. సీసాలోంచి ఒక మాత్ర తీసి అతని అరచేతిలో పెట్టింది.

"నోట్లో వేసుకోండి."

అతను తల్లి వైపు చూశాడు. ఆమే నోరు విప్పింది.

"ఆ మందుకి అమ్మాయికి మత్తుగా ఉండేది మేడమ్. బట్టలు కుడుతూ తూగి, మిషన్ సూది వేల్లో దింపుకుంది. పనిలోంచి తీసేస్తామన్నారు. అది మానితే గానీ లవణం పనిచెయ్యదన్నారు ఈయన. అల్లుడు ఒప్పుకోడని పాతవి పారబోసి ఆ సీసాలో ఇవి నింపా."

"మరి నా మీద కంప్లయింట్ ఏంటత్తయ్యా?"

"నా వల్లే అని ఏ నోటితో చెప్పను బాబూ?"

"మానమని నేనెక్కడా రాసివ్వలేదు!" ఉప్పుల డాక్టరు లేచాడు. "నా మాత్రల్లో హాని చేసేదేమీ లేదు."

"ఏమీ లేదు. నేరం అదే. పనిచేసే మందు తీయించి, ఏమీ లేనిది మింగించారు."

ఎస్.ఐ. ఆస్పత్రికి ఫోన్ కలిపి తల్లి చేతిలో పెట్టింది. తల్లి వెక్కుతూనే చెప్పింది. ఫోన్‌లో ఆస్పత్రి డాక్టరు గొంతు అందరికీ వినిపించింది: "ఫిట్స్ మందు ఎక్కించండి, వెంటనే!"

అప్పుడు ఎస్.ఐ. ఆ చెంప వైపు చూసింది.

"కొట్టినందుకు నా మీద కంప్లయింట్ రాయి. మొహమాటపడకు. ముందు నీ భార్య దగ్గరికి పో."

తర్వాత ఉప్పుల డాక్టరు వైపు తిరిగింది.

"ఇంకా ఎవరెవరికి మానమన్నారు? షుగర్ వాళ్ళకా? గుండె జబ్బు వాళ్ళకా? జీపెక్కండి. ప్రతి గుమ్మం ముందూ నిలబడి, 'నా మాట తప్పు, మీ పాత మందు కోసం ఆస్పత్రికి పదండి' అని మీ నోటితోనే చెప్పాలి. రేపు కాదు. ఇప్పుడే!"