జలగ కడియాలు

మణిశైల రాజ్యం సుభిక్షంగా ఉండేదని చెప్పాలని నాకూ ఉంది, పిల్లలూ. కానీ అక్కడ ప్రతి మనిషి కాలికీ ఒక జలగ ఉండేది. ప్రజలంతా సోమరిపోతులని రాజు వీరవల్లభుడికి అనుమానం. అది పసిగట్టిన ఒక మాంత్రికుడు, చీలమండకు కడియంలా చుట్టుకునే జలగలను ఆయనకు ఇచ్చాడు. మనిషి నడిస్తే "నడుస్తున్నాడు!" అని, కూర్చుంటే "కూర్చున్నాడు!" అని, పడుకుంటే "పడుకున్నాడు!" అని అవి బొంగురు గొంతుతో అరిచేవి. వాటి జిగట, కుళ్ళుచేపల కంపు భరించలేక జనానికి అన్నం సహించేది కాదు. పీకబోతే ఇంకా లోతుకు దిగేవి.

నేత పనివాడు సోమన్న గుంట మగ్గంలో కూర్చుని, కాళ్ళతో కింది కర్రలు తొక్కుతూ నేసేవాడు. ఆ కదలికకు జలగ "నడుస్తున్నాడు! నడుస్తున్నాడు!" అని గోల పెట్టింది. పని మాని పారిపోతున్నాడని భటులు అతణ్ణి పట్టుకెళ్ళారు.

"కూర్చునే ఉన్నాను దొరా!" అని సోమన్న మొత్తుకున్నాడు.

"జలగ అబద్ధమాడదు. అమావాస్యకు తల తీయండి" అన్నాడు రాజు.

సోమన్న కూతురు చెంగలికి ఒళ్ళంతా కంపరమెత్తింది. "ఛీ! పురుగు మాటకున్న విలువ మా నాన్న మాటకు లేదా?" అంటూ ఆమె అడవి బాట పట్టింది. తన కాలి జలగ అరుపులకు పులి వెంటపడితే చెట్టెక్కి తప్పించుకుంది. కొండ గుహలో ఒక ముని కనిపించాడు.

"వీటన్నిటికీ తల్లి బురద మడుగులో ఉంది తల్లీ. దానికి కళ్ళు లేవు. నీ కాలు చుట్టి, నువ్వేం చేస్తున్నావో చెప్పి మింగుతుంది. అది ఒక్కసారి తప్పు చెబితే దాని మంత్రం చచ్చినట్టే" అన్నాడు ముని.

నాన్న కాలి జలగను ఏమార్చిన మగ్గం పని తల్లి జలగనూ ఏమారుస్తుందని చెంగలికి తోచింది. మడుగు ఒడ్డున దుంగ మీద కూర్చుని, కాళ్ళు బురదలో పెట్టి, మగ్గం తొక్కినట్టు తొక్కసాగింది. చల్లని, చీము కారే నోరొకటి ఆమె పిక్కను చుట్టుకుంది. అయినా చెంగలి కాళ్ళు ఆపలేదు.

"నడుస్తున్నావే పిల్లా!"

"కూర్చున్నానే దరిద్రపుదానా!"

తల్లి జలగ పగిలి నల్లని చీముగా కారిపోయింది. రాజ్యమంతటా జలగ కడియాలు కాళ్ళకు పుండ్లు మిగిల్చి ఊడిపడ్డాయి. చెంగలి తిరిగి వచ్చి జరిగింది చెప్పగానే, జలగ మాట తప్పని తెలిసిన రాజు సోమన్నను విడిచిపెట్టి ఆమెకు ఎదురొచ్చాడు.

"అర్ధరాజ్యం ఇస్తాను. మా అబ్బాయిని పెళ్ళాడు" అన్నాడు.

"ముందు మా నాన్న కాలి పుండు కడగండి ప్రభూ. తర్వాత మిగతావాళ్ళవి" అంది చెంగలి.

రాజు ముక్కు మూసుకోబోయాడు. కడగాలంటే రెండు చేతులూ కావాలి మరి. డోకులు ఆపుకుంటూ ఊరందరి పుండ్లూ కడిగాక, సింహాసనం ఎక్కడానికి ఆయనకు ముఖం చెల్లలేదు. జనం చెంగలినే రాణిని చేశారు. సోమన్న మాత్రం ఇంటికి పోయి, పట్టపగలు కాళ్ళు బారజాపుకుని హాయిగా నిద్రపోయాడు.