సంతకం మీద సంతకం

ముందుగా ఒక మాట. నేను అక్షరాలు దిద్దుకున్నది అరవై దాటాక. ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే మీరే సర్దుకుని చదవండి. ఈ కాస్త రాయడానికి నాకు పన్నెండు రోజులు పట్టింది.

ఆ రోజు పొద్దున్నే మాస్టారి ఇంట్లో ఆయన కోడలు ఒక కన్ను పొయ్యి మీది పాల మీద వేసి, అర్జీ కాగితాన్ని బల్ల మీద అరచేత్తో సాపు చేస్తోంది. ఆ వీధిలో ఇరవై రెండు ఇళ్ళు. ఆదివారం ఒక్క పూట వీధికి రెండు వైపులా అడ్డు పెట్టి, నడిరోడ్డు మీద బల్లలు వేసుకుని అందరూ కలిసి భోంచేయాలని అనుకున్నారు. దానికి పట్టణ కార్యాలయం అనుమతి కావాలి. ప్రతి ఇంటి నుంచీ ఒక సంతకం ఉండాలి. ఆ పూట వీధిలో ఒక్క కారూ నిలిచి ఉండకూడదు.

ఈ పని ఎవరు చూస్తారని అడిగితే అందరూ తమ గోళ్ళు చూసుకున్నారు. కోడలు చెయ్యెత్తింది. ఆ ఇంటికొచ్చి ఆరేళ్ళయినా వీధిలో ఆమెను 'మాస్టారి కోడలు' అనే అంటారు. తన చేతి మీదుగా ఒక పని జరిగితే చూడాలని ఆమె ఆశ.

మాస్టారంటే డ్రైవింగ్ మాస్టారు. ఆ వీధిలో స్టీరింగ్ పట్టినవాళ్ళలో సగం మంది ఆయన చేత తిట్లు తిన్నవాళ్ళే. నేర్పడం మానేసి ఐదేళ్ళయినా, పక్క సీటు దగ్గర కూడా ఒక బ్రేకు ఉన్న ఆ పాత తెల్ల కారును అమ్మలేదు. ఎనిమిది నెలలుగా అది ఇంటి ముందు కదలకుండా పడి ఉంది. అడిగితే "దానికి ఓపిక లేదు, నాకు తీరిక లేదు" అనేవారు.

"మావయ్యా, ఇరవై ఒక్క సంతకాలు అయ్యాయి. మీదొక్కటే మిగిలింది."

"షరతులు చదవకుండా సంతకం పెట్టడానికి నేనేమన్నా పసివాణ్ణా? అక్కడ పెట్టు, చూస్తాను."

"వారం నుంచీ చూస్తూనే ఉన్నారు. ఉన్నవే పది లైన్లు!"

"పది లైన్లు రాశారంటే పదకొండోది దాచారనే అర్థం."

రాత్రంతా బేకరీలో పని చేసి అప్పుడే వచ్చిన కొడుకు చెప్పులు విప్పుతూ, "పెట్టెయ్యి నాన్నా. లేకపోతే ఈవిడ నిద్రలో నా వేలు పట్టుకుని పెట్టించేలా ఉంది" అన్నాడు.

"ఇలా తే పెన్ను" అన్నారు మాస్టారు.

అంతలో పాలు పొంగాయి. ఆమె పరుగెత్తి పొయ్యి ఆపి వచ్చేసరికి ఆయన కాగితం మడిచి కవర్లో పెట్టేశారు.

కార్యాలయంలో గుమాస్తా ఆ కాగితం విప్పి, కళ్ళజోడు పైకి తోసుకున్నాడు.

"ఏంటమ్మా ఇది? పొలం దున్నినట్టుందే!"

కోడలు వంగి చూసింది. కింద మామగారి గడి ఖాళీగా ఉంది. ఆయన సంతకం మాత్రం పైన, ముగ్గురి సంతకాల మీదుగా అడ్డంగా సాగిపోయింది.

"ఇది చెల్లదు. కొత్త కాగితం ఇస్తాను. రేపు పన్నెండు లోపల మళ్ళీ అందరి చేతా పెట్టించి తీసుకురండి. దాటితే నేనేం చేయలేను."

ఇంటికొచ్చేసరికి ఆమె ఒళ్ళు మండిపోతోంది. శాలువానూ సంచినీ మామగారి ఎదురు కుర్చీ మీద పడేసింది.

"ఏం చేశారు మావయ్యా మీరు?"

"ఏం చేశాను?"

"కింద గడిలో పెట్టమంటే ముగ్గురి సంతకాల మీద గీకి పారేశారు! మూడో ఇంటి పెద్దమ్మ ఆ నాలుగక్షరాలు రాయడానికి పావుగంట కూర్చుంది, తెలుసా?"

మాస్టారి మొహం ఒక్క క్షణం పాలిపోయింది. తర్వాత గడ్డం పైకెత్తారు.

"అవును. కావాలనే గీశాను. నా కారు తియ్యమనడానికి వాళ్ళెవరు?"

"ఆ ఇనుము మీద ఉన్న ప్రేమ ఇంట్లో మనిషి మీద లేదు కదా మీకు! వీధిలో ఇక ఏ మొహం పెట్టుకుని తిరగను?"

ఆయన ముందు ఏడవడం ఇష్టం లేక ఆమె ఉత్త కాళ్ళతో చప్పుడు చేయకుండా వెళ్ళి కిటికీ దగ్గర నిలబడింది.

"అలా తల వంచుకు కూర్చుంటే ఏం లాభం?" మాస్టారు అంటూనే ఉన్నారు. "నా మొహం చూసి మాట్లాడు. కోపముంటే తిట్టు. వింటున్నావా అమ్మాయ్?"

ఆయన మాట్లాడుతున్నది ఎదురు కుర్చీతో. దాని మీది శాలువాతో.

కోడలు కళ్ళు తుడుచుకోవడం మరిచిపోయింది. టీ గ్లాసు కోసం బల్ల మీద మెల్లగా పాకే ఆ చెయ్యి గుర్తొచ్చింది. మెట్లు దిగేటప్పుడు లోలోపల లెక్కపెట్టుకునే ఆ పెదాలు గుర్తొచ్చాయి. వారం రోజులు పది లైన్లు చదవడమూ గుర్తొచ్చింది.

"మావయ్యా, నేనిక్కడున్నాను. కిటికీ దగ్గర."

ఆయన మొహం ఇటు తిరిగింది.

"ఎప్పటినుంచి?" అంది కోడలు.

"ఎనిమిది నెలలు దాటింది. చుట్టూ కనిపిస్తుంది. సరిగ్గా ఎదురుగా, చూడాలనుకున్నదే కనిపించదు. ఎదురింటి గేటు స్తంభానికి కారు గుద్దాను. రోజూ అక్కడ పిల్లలు ఆడుకుంటారు. ఆ పూట లేరు కాబట్టి సరిపోయింది. ఆ రోజే తాళం దాచేశాను."

"ఒక్క మాట చెప్పొచ్చు కదా!"

"కళ్ళెక్కడ పెట్టుకున్నావని వీధిలో సగం మందిని తిట్టినవాణ్ణమ్మా. ఆ మాట నాకే తిరిగొస్తుందని భయం. పొగరుబోతని అనిపించుకోవడమే తేలికనిపించింది."

కోడలు వచ్చి ఆయన కాళ్ళ దగ్గర కూలబడింది. "మీకైతే మసక కమ్మింది. మూడు పూటలా ఎదురుగా నిలబడి వడ్డించాను, నా కళ్ళకేమొచ్చింది మావయ్యా?"

ఆ సాయంత్రం ఇద్దరూ కొత్త కాగితం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. వద్దన్నా వినకుండా ప్రతి గుమ్మంలోనూ ఆయనే చెప్పారు. "నా చూపు పోతోంది. మీ సంతకాల మీద నాది పడింది కనపడకే. కోడలి తప్పేం లేదు."

ఎదురింటి మంగలి స్తంభం కథ విని నోరు తెరిచాడు. "మీరా మాస్టారూ? ఇన్నాళ్ళూ పాపం ఆ నీళ్ళ బండివాడికి రోజూ శాపాలు పెడుతున్నానే!"

"వాటిలో సగం నాకు పంపించు" అన్నారు మాస్టారు. అక్కడ మొదటిసారి నవ్వారు.

ఆఖరి గడి దగ్గర కోడలు కవరు అంచును గీత వెంట ఆనించి పట్టుకుంది. ఆయన దాన్ని వేలితో తడిమి, తిన్నగా సంతకం పెట్టారు. మర్నాడు పన్నెండుకు ఇరవై నిమిషాల ముందు అనుమతి మీద ముద్ర పడింది.

ఆదివారం పొద్దున్నే అందరి కార్లూ వెళ్ళిపోయాయి. తెల్ల కారు మిగిలింది. మంగలి ముందురోజే దానికి కొత్త బ్యాటరీ వేయించాడు. మాస్టారు తాళం తెచ్చి కోడలి అరచేతిలో పెట్టారు.

"నేనా? నాలుగు రోజులు నేర్పి తిట్లతో తరిమేశారు, గుర్తుందా? లైసెన్సు పుట్టింటివాళ్ళ ధర్మమా అని వచ్చింది."

"ఇప్పుడూ తిడతాను. నువ్వు చూడు, నేను వింటాను."

ఆయన పక్క సీట్లో కూర్చున్నారు. ఆమె తాళం తిప్పింది. "క్లచ్ మెల్లగా... ఇంజను గొంతు మారింది, వినలేదూ? వదులు. ఇంకా వదులు." అడ్డు దగ్గర నిలబడ్డవాళ్ళు దాన్ని పైకెత్తారు. కారు దాని కిందుగా వెళ్ళి మలుపు తిరిగి, గోడ పక్కన ఆగింది.

అప్పుడు ఆమె చూపు ఆయన కాళ్ళ మీద పడింది. రెండూ బ్రేకుకు దూరంగా, వెనక్కి ముడుచుకుని ఉన్నాయి.

"మావయ్యా, బ్రేకు మీద కాలు పెట్టలేదేం?"

"చూసేదానివి నువ్వున్నావు కదమ్మా."

ఆమె స్టీరింగ్ మీద తల ఆనించింది. ఆయన చెయ్యి గాలిలో తడుముకుంటూ వచ్చి ఆమె నెత్తిన ఆగింది.

"కళ్ళు తుడుచుకో. తిరిగి వెళ్ళేటప్పుడు దారి కనపడాలి."

రెండోసారి పెట్టిన నా సంతకం మొదటిదానికంటే తిన్నగా వచ్చింది.

ఇట్లు,
మూడో ఇంటి కుట్టుపని పెద్దమ్మ, వయసు డెబ్బై ఒకటి. ఇప్పుడు రెండు వీధుల అవతల, కూతురి ఇంటి మేడ మీద గదిలో ఉంటున్నాను. నేను చూడనివి మాస్టారి కోడలు చెప్పగా రాశాను.