తులసమ్మ గాట్లు పెట్టిన కట్టె

పొద్దున్నే కాఫీ గ్లాసు కింద పెట్టగానే ఆదెప్ప నోట వచ్చే మొదటి మాట ఒకటే.

"తులసీ, ఎంత ఉండాది?"

ఆ మాట కోసమే కాచుకున్నట్టు తులసమ్మ తలుపు వెనకనుంచి కానుగ కట్టె తీసేది. వాకిట్లో ఉన్న బూడిదరంగు కారు ట్యాంకు మూత విప్పి, కట్టెను అడుగు తాకేదాకా దించి, పైకి లాగి, తడి ఎందాకా ఉందో చూసేది. కట్టె మీద కత్తితో కోసిన గాట్లు ఆరు. గాటుకు ఐదు లీటర్లు.

పుంగనూరులో విత్తనాల అంగడి నడిపే ఆదెప్ప, ఆ పాతకాలం కారును మదనపల్లెలో ఒక రిటైరైన తాసిల్దారు దగ్గర కొన్నాడు. కొన్న ఏడాదికే పెట్రోలు చూపించే ముల్లు సున్నా మీద పడిపోయి మళ్లీ లేవలేదు. అప్పటినుంచి, అంటే పద్దెనిమిదేళ్లుగా, ఆ కారుకు ముల్లు తులసమ్మే. చీర కొనాలన్నా, చుట్టాలను పిలవాలన్నా ఆమె మాట చెవిన పెట్టని మనిషి, ఈ ఒక్క విషయంలో మాత్రం ఆమె ఎంతంటే అంతే. రోజుకు ఒక్కసారైనా మొగుడు తన మాట నమ్ముతాడన్నది ఆమెకు చిన్న సంగతేమీ కాదు.

ఆ శనివారం మాత్రం కట్టెకు గండం వచ్చింది. కొడుకు పవన్ కుమార్‌కు కుప్పంలో లెక్చరర్ ఉద్యోగం దొరికింది. మర్నాడు అక్కడి బాడుగింట్లో పాలు పొంగించాలి. అమ్మానాయనలను ఈ కారులోనే తీసుకుపోవాలని వాడి ముచ్చట.

"ఇంక ఈ కట్టె పురాణం సాలు నాయనా. 2003లో ఉండాం మనం. బాబు సాహెబ్ మామను రమ్మన్యాను, ముల్లు బాగు చేపిస్తాను."

తులసమ్మ కట్టెను కొంగు చాటుకు లాక్కుంది. పైకి మాత్రం, "యాల్రా దండగ? బాగానే ఉండాది కదా," అంది.

బాబు సాహెబ్ పాత కార్ల పనిలో చెయ్యి తిరిగిన మనిషి. ఈమధ్యే కంటికి ఆపరేషన్ అయింది. సాహెబ్‌కు ఇక చూపు ఆనదని ఊళ్లో గొణుక్కునేవాళ్లు గొణుక్కుంటున్నారు. వస్తూనే ట్యాంకు మీది వైరు పీకి కారు ఒంటికి తాకించాడు. ముల్లు ఒక్క ఎగురు ఎగిరి నిండుకు పోయింది.

"సూసినావా పవనూ? మీటరు మంచిదే, వైరూ మంచిదే. తప్పు ట్యాంకు లోపల ఉండాది."

అన్నట్టే లోపల పెట్రోలు మీద తేలాల్సిన ఇత్తడి ఫ్లోటుకు చిల్లి పడి, పెట్రోలు నిండి, అడుగున మునిగి ఉంది. దాని స్థానంలో కొత్తది బిగించాడు. పద్దెనిమిదేళ్లు పడుకున్న ముల్లు లేచి సరిగ్గా సగం దగ్గర నిలబడింది. పవన్ చప్పట్లు కొట్టాడు.

"ముప్పై ఆరు లీటర్ల ట్యాంకు. సగమంటే పద్దెనిమిది," అన్నాడు బాబు సాహెబ్.

ఆదెప్ప తనే కట్టె దించి చూశాడు. తడి మూడో గాటు దగ్గర ఆగింది. "పదైదే ఉండాది సాయిబూ. నీ ముల్లు మూడు లీటర్లు ఎక్కువ చెప్తాండాది."

బాబు సాహెబ్ ఫ్లోటు ఊడదీశాడు, మళ్లీ బిగించాడు. ఎర్తు వైరు గీకి శుభ్రం చేశాడు. రెండుసార్లు చేసినా అదే తేడా. ఎండ ఎక్కింది. ఆదెప్పకు చిరాకు కూడా ఎక్కింది.

"నలభై ఏండ్లు స్పానర్లు పట్టి నేర్సింది ఇదేనా సాయిబూ? ఊళ్లో అనుకునేది నిజమే. కండ్లు కనపడకపోతే షెడ్డు మూసుకోరాదూ?"

బాబు సాహెబ్ గుడ్డతో చేతులు తుడుచుకుని స్పానర్లు ఒక్కొక్కటే సంచిలో వేసుకోసాగాడు. అది చూసి తులసమ్మకు ఇక నోరు కట్టుకోవడం సాధ్యం కాలేదు.

"సాయిబు తప్పేం లే. తప్పు కట్టెది. కాదు, నాది."

ముగ్గురూ ఆమె వైపు తిరిగారు.

"గాట్లు పెట్టేటప్పుడు ట్యాంకు ఒట్టిదైతే కదా కొలత మొదలుపెట్టల్ల? మీరు అన్నానికి లోపలికి పోయినప్పుడు మూడు లీటర్లు ముందే పోసేసినాను. దాని మీద ఐదు పోసి మొదటి గాటు పెట్టినాను. అడుగున తడి కనపడితే అది మడ్డి అని మీకు చెప్తా వచ్చినాను."

"యాలమ్మా?" పవన్ నోరు తెరిచాడు.

"పద్దెనిమిదేండ్లు నాకు అబద్ధం చెప్పినావా?" ఆదెప్ప చేతిలోని కట్టెను తిప్పి చూశాడు. "నువ్వు చెప్తే నేను మారు సూసుకునిందే లేదే తులసీ!"

తులసమ్మకు ఏడుపు తన్నుకొచ్చింది. "ముల్లు పడిపోయిన కొత్తల్లో, వీనికి ఏడేండ్లప్పుడు, జొరంతో కాలిపోతాంటే మదనపల్లె ఆసుపత్రికి బయల్దేరినాం. పెట్రోలు పోపించుకోండి అంటే 'వస్తాదిలే' అన్న్యారు. నడి దోవలో కారు ఆగిపాయ. మిట్టమధ్యాన్నం ఎండలో బిడ్డను బుజానేసుకుని టమాటా బండి ఎనక పరిగెత్తింది నేను. మీ నోట ఆ 'వస్తాదిలే' పోదని నాకు తెలుసు. నా మాట ఇనరనీ తెలుసు. కట్టె మాటైనా ఇంటారని మూడు లీటర్లు దాసిపెట్టినాను."

ఆదెప్ప పోయి కారులో కూర్చుని స్టీరింగు మీద చేతులు పెట్టుకున్నాడు. చౌడేపల్లె, వెంకటగిరికోట, కుప్పం... ఇన్నేళ్లలో ఎన్ని ఊళ్లు తిరిగాడో! 'వస్తాదిలే' అనుకుంటూ ఇల్లు చేరిన ప్రతిసారీ అది తన అదృష్టమనే అనుకున్నాడు. ఆ దారులన్నిట్లో తనకు తెలియకుండా తులసమ్మ వెంట వచ్చిందని ఇప్పుడు తెలిసింది. కళ్లు తుడుచుకుని కిందికి దిగాడు.

"సాయిబూ, పాడు మాట అన్న్యాను. మనసులో పెట్టుకోవద్దు." సాహెబ్ సంచి అందుకుని మళ్లీ కింద పెట్టాడు. "ఇంకొక్క పని చెయ్యి. ఫ్లోటును పట్టుకునుండే కమ్మీ కొంచెం వంచు. కట్టె ఎంతంటే ముల్లు అంతే చెప్పల్ల."

"అది తప్పు కొలత కదా నాయనా!"

"నీకు తెలీదు, నోరు మూసుకోరా. ఆ మూడు లీటర్లు మీ అమ్మవి."

బాబు సాహెబ్ పగలబడి నవ్వాడు. "నా సర్వీసులో మంచి మీటరును సెడగొట్టమన్నోడివి నువ్వొక్కడివే ఆదెప్పన్నా!" అంటూనే కమ్మీ వంచాడు. ముల్లు సగానికి కాస్త కిందికి దిగి పదిహేను దగ్గర బుద్ధిగా నిలబడింది.

కుప్పంలో పాలు పొంగాయి. కొడుకును అక్కడ దిగబెట్టి సోమవారం ఇద్దరే వెనక్కి బయలుదేరారు. పుంగనూరు ఇంకా పది కిలోమీటర్లు ఉందనగా ముల్లు సున్నా మీద వాలింది. ఆదెప్ప ముఖంలో, ఆ కారు కొన్నాక మొదటిసారి, బెదురు కనిపించింది.

"యెనక్కి పోయి బంకులో పోపిద్దామా తులసీ?"

ఒళ్లో కానుగ కట్టె పెట్టుకుని కూర్చున్న తులసమ్మ కిటికీలోంచి చింతచెట్లు చూస్తూ తాపీగా అంది.

"వస్తాదిలే, పోనీండి."