పింజరి పట్టించుకోని చెయ్యి

పాముల గదికి కిటికీల్లేవు. పట్టపగలు కూడా లైటు వేస్తేనే వెలుతురు. జాలీ పెట్టెల్లోని తడి ఆకుల వాసనా, ఎలుకల కంపూ కలిసి ముక్కు బద్దలవుతుంది. అయినా అన్న కూనిరాగం తీస్తూ విషం తీసే పని మొదలుపెట్టాడు. ఎందుకు తీయడు మరి! అడవిలో తప్పిపోయాడని ఇంటిల్లిపాదీ ఏడ్చి ఊరుకున్న తమ్ముడు పొద్దున్నే నడుచుకుంటూ వచ్చేశాడు.

"ఇంట్లో పడుకోరా అంటే వినవు కదా!"

"నీ దగ్గరే ఉంటానన్నయ్యా."

అడవి పింజరి పాముకి కంటికీ ముక్కుకీ మధ్య చిన్న గుంట ఉంటుంది. చీకట్లో సైతం ఒంటి వేడిని పసిగట్టేది దాంతోనే. రాలిన ఆకుల్లో రోజుల తరబడి కదలకుండా పడుంటుంది. వెచ్చనిదేదైనా దగ్గరికొచ్చిందా, కాటే. చల్లారిన ఎలుకను మాత్రం మూతికి ఆనించినా పట్టించుకోదు. అందుకే ఇక్కడ చచ్చిన ఎలుకల్ని వేన్నీళ్ళలో ముంచి మరీ వడ్డిస్తారు. కొత్తల్లుడికైనా జరగని మర్యాద!

అన్న కొక్కెం కర్రతో పింజరిని బల్ల మీదికి దించాడు. తమ్ముడు సరిగ్గా దాని మూతి ముందు అరచెయ్యి పెట్టాడు.

"ఒరేయ్! చెయ్యి తియ్యరా!"

పింజరి కాటెయ్యలేదు. నింపాదిగా ఆ చెయ్యెక్కి, ఎండుమోడు మీద పాకినట్టు పాకింది... అన్న గబుక్కున ముందుకొచ్చాడు.

అంతే. ఎగిరి అతని బొటనవేలి మొదట్లో కోరలు దించింది. విదిలించినా వదల్లేదు. తమ్ముడు దాన్ని లాగి తలను బల్లకేసి బాదాడు. మళ్ళీ బాదాడు. నెత్తురూ ఎముకా నుజ్జయ్యేదాకా బాదుతూనే ఉన్నాడు.

అన్న చెయ్యి నిప్పుల్లో పెట్టినట్టు మండుతోంది. విరుగుడు మందు పక్కగదిలో, ఫ్రిజ్‌లో ఉంది. అది అందితేనే ప్రాణం దక్కేది.

"మందు తేరా... తొందరగా!"

తమ్ముడు వెళ్ళి తలుపు గడియ పెట్టి వచ్చాడు.

"చలేస్తోందన్నయ్యా," అని గుసగుసలాడి, కాటు పడ్డ చేతిని రెండు చేతులా పట్టుకున్నాడు. ఆ చేతులు బావి నీళ్ళంత చల్లగా ఉన్నాయి.

అన్న కర్ర ఎత్తి బలంకొద్దీ కొట్టాడు. తమ్ముడి నుదురు చిట్లి ఎముక కనబడింది. చుక్క నెత్తురు రాలేదు... పట్టు బిగిసింది. అన్న వేళ్ళు పటపటా విరిగాయి. వీణ్ణి ఎత్తుకు పెంచిన చేతులివి. భయం కంటే ఏడుపే ముందొచ్చింది.

"వదలరా... నాన్నా... వదలరా..."

పెట్టెల్లో పాములన్నీ జాలీకి మూతులానించి అన్న వైపే చూస్తున్నాయి. అతనికి చలి మొదలైంది. పాదాల నుంచి పైకి... మోకాళ్ళు... నడుము... తమ్ముడి అరచేతులు మాత్రం గోరువెచ్చబడుతున్నాయి. వాడి నుదుటి గాయంలో నెత్తురు ఊరింది.

ఒక పెట్టెలో తల పక్కకు తిరిగింది. తర్వాత ఇంకొకటి. ఒక్కొక్కటిగా అన్నీ తమ్ముడి వైపు తిరిగాయి.

అన్న విరిగిన వేళ్ళతో జాలీని గోకాడు. ఒక్క పామూ అతని వైపు తిరగలేదు.