పాండవుల గుడి కంత

చిత్తూరు దాటి బంగారుపాళ్యం వైపు పోతే, మామిడితోటల వెనక ఒక గుట్టమీద రాతిగుళ్ళు కనిపిస్తాయి. ఊళ్ళోవాళ్ళకు అవి పాండవుల గుళ్ళు. తిరుపతిలో చరిత్ర పాఠాలు చెప్పే రూపశ్రీకి మాత్రం అవి వట్టి సమాధులు, రెండువేల ఏళ్ళనాటివి. నాలుగు బండలు నిలబెట్టి, పైన ఒకటి కప్పి, ముందుబండకు మనిషి దూరేంత గుండ్రటి కంత పెట్టినారు. అంతకుమించి ఆడ ఏమీ లేదని ఆమె వాదన. మొండిమనిషి, చెప్తే వినదు.

పోయినేడు గోవిందయ్య అనే రైతు ఒక కంతలో దూరి కుండ తెచ్చుకున్నాడు. మూణ్ణెల్లలో చచ్చిపోయాడు. అతని వెంట పోయిన ఇద్దరూ చచ్చారు. ఇంక చూడండి, కుండను ఇంట్లో పెట్టుకుందని అతని పెండ్లాం గురవమ్మ మీద పడింది ఊరంతా. సాయంత్రంలోపల ఊరు విడవకపోతే ఇంటికి నిప్పు పెడతామన్నారు.

ఆ సమాధులు చూడ్డానికి వచ్చి ఊళ్ళోనే ఉన్న రూపశ్రీకి ఆ మాట విని ఒళ్ళు మండింది. లోపల ఏమీ లేదని చూపిస్తానని పట్టపగలు పన్నెండింటికి అందర్నీ గుట్ట ఎక్కించింది.

“ఈజిప్టులో రాజుగారి సమాధి తెరిచినవాళ్ళకు శాపం తగిలిందని పత్రికలు గోల చేశాయి. లెక్క తీస్తే వాళ్ళలో చాలామంది ముసలివాళ్ళయ్యేదాకా బతికారు. ఇక్కడా అంతే. గోవిందయ్యకు లివర్ పోయింది. ఒకాయన్ను లారీ గుద్దింది. ఇంకొకాయన బావిలో జారిపడ్డాడు.”

“బావిలో పడినోడు మా అన్న,” అన్నాడు మునికుమార్. “ఈత వచ్చినోడు మేడమ్.”

రూపశ్రీ చున్నీ నడుముకు బిగించి, మోకాళ్ళమీద వంగి గోవిందయ్య దూరిన కంతలో తల పెట్టింది.

లోపల చల్లగా ఉంది. తడిమట్టి వాసన. దాని వెనక ఇంకో వాసన, అప్పుడే కోసిన మాంసంలాగా. నడుముదాకా దూరి టార్చి వేసింది. ఖాళీ. హమ్మయ్య అనుకుంది.

ఏదో ఆమె కుడిచెయ్యి పట్టుకుంది.

ముందు లాగలేదు. పట్టుకుంది, అంతే... తర్వాత మెలిపెట్టింది. భుజం దగ్గర ఎముక టక్కుమంది. ఆమె ముఖాన్ని బండకేసి కొట్టింది. ఒకసారి. ఇంకోసారి... నోటినిండా రక్తం. అరుద్దామంటే ఊపిరి లేదు...

వెనక ఎవరో కాళ్ళు పట్టి గుంజారు. గురవమ్మ. ఆ బక్కప్రాణికి అంత బలం యాడినించి వచ్చిందో, ఒక్క గుంజుకు బయట పడేసింది. పడేసి, చెవిలో గొణిగింది.

“తల్లీ... లోపల ఏందో ఉండాదని చెప్తే నన్ను ఈడనే సంపేస్తారు.”

రూపశ్రీ విరిగిన పన్ను ఉమ్మింది. “ఏమీ లేదు,” అంది జనంతో. “కంత ఇరుకు. కంగారులో బండకు కొట్టుకున్నా.”

“అట్లయితే నేనూ సూసొస్తా,” అన్నాడు మునికుమార్, చొక్కా విప్పుతూ. “ఏమీ లేకుంటే ఈయమ్మ జోలికి ఎవురూ రారు. నాది పూచీ.”

వద్దనాలి. ఒక్కమాట చాలు. గురవమ్మ ఆమె ఎడమచెయ్యి గట్టిగా పట్టుకుంది. రూపశ్రీ నోరు మెదపలేదు.

మునికుమార్ నడుముదాకా దూరాడు. కాళ్ళు ఒక్కసారిగా తన్నుకున్నాయి. నలుగురు పట్టి లాగినా ఆగలేదు. కంత అంచుకు గీరుకుని తొడల చర్మం లేచిపోయింది. పాదాలూ లోపలికి పోయాయి... ఎముకలు విరిగే చప్పుడు చాలాసేపు వినిపించింది.

గడ్డపారలతో కప్పుబండ జరిపేసరికి గంట పట్టింది.

మునికుమార్ తల వీపు వైపుకు తిరిగి ఉంది. పక్కన మట్టిలో ఇంకో మనిషి పడుకున్న అచ్చు. ఆడమనిషి. కుడిభుజం జారి, చెయ్యి వంకరగా, నడుముకు చున్నీ ముడి గుర్తుతో సహా. రూపశ్రీ నడుముదాకానే దూరింది. ఆ అచ్చుకు కాళ్ళు కూడా ఉన్నాయి.

జనం రాళ్ళు ఎత్తి గురవమ్మ వైపు తిరిగారు. గురవమ్మ ఆ అచ్చును చూసింది. రూపశ్రీని చూసింది. పట్టుకున్న చెయ్యి వదిలేసి నాలుగడుగులు వెనక్కి జరిగింది.

“నేను కాదప్పా,” అంది మెల్లగా. “దానికి కావాల్సింది ఈమె.”

ఎత్తిన రాళ్ళు ఎవరూ దించలేదు.